మనకి బాగుంది

ఆకులు రాలే కాలం వచ్చిందంటే ఆ దీవిలో జనం రెండు పార్టీలుగా చీలిపోతారు. ఈతవాళ్ళది ఒక పార్టీ, బోర్డువాళ్ళది ఇంకో పార్టీ. మామూలు రోజుల్లో ఒకే కొట్లో ఉప్పూ పప్పూ కొనుక్కునే మనుషులే. సముద్రం ఊసెత్తితే మాత్రం ఎవరి గోల వాళ్ళది.

కారణం లేకపోలేదు. ఎండాకాలం పొడుగునా తాగిన వేడి నీళ్ళలో ఇంకా మిగిలే ఉంటుంది, పైన గాలి మాత్రం పళ్ళు టకటకలాడిస్తుంది. సెలవులకొచ్చిన జనం పెట్టెలు సర్దుకుని ఓడెక్కేస్తారు. ఒడ్డున కాపలా కాసేవాళ్ళు తమ ఎత్తు కుర్చీకి గుడ్డ కప్పి, తాడుతో నాలుగు చుట్లు చుట్టి, మళ్ళీ ఎండలు ముదిరేదాకా కనపడరు. సముద్రం మొత్తం సొంతవాళ్ళకి మిగులుతుంది. ఈతవాళ్ళకి అది అద్దంలా పడుకుని ఉండాలి. బోర్డు మీద నిలబడి అలల మీద జారేవాళ్ళకి, కంటికి ఆనని దూరంలో ఎక్కడో తుఫాను పుట్టాలి, దాని అలలు వరస కట్టి ఇక్కడిదాకా నడిచి రావాలి. ఒకళ్ళు "బాగుంది" అన్నారంటే రెండోవాళ్ళు ఇంట్లో కూచోవాలన్నమాట.

ఈ రెండు పార్టీలూ ఒకే ఇంట్లో కాపురం ఉంటే?

అత్తగారిది ఈతపార్టీ. లోపలి రేవు పక్కన లాండ్రీ నడుపుతుంది. ఏ కాలమైనా సరే, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు నీళ్ళలో ఓ మునక వేసి రావాల్సిందే. అందుకే ఊళ్ళో ఆవిడకి నీటికోడి అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు, అన్నా ఆవిడ ఏమీ అనుకోదు. కోడలిది బోర్డుపార్టీ. దీవికి అవతలి పక్క, బయటి ఒడ్డు మీద రేకుల షెడ్డులో విరిగిన బోర్డులు బాగుచేస్తుంది. కొడుకు ఓడలో టిక్కెట్లు చింపే ఉద్యోగస్తుడు. అవతలి ఒడ్డుకీ ఇవతలి ఒడ్డుకీ తిరుగుతూ, తల్లికీ పెళ్ళానికీ మధ్య కూడా అలాగే తిరుగుతూ ఉంటాడు.

లాండ్రీ కిటికీలోంచి చూస్తే లోపలి రేవు ఒక్కటే కనిపిస్తుంది. అది ఎప్పుడూ ఇస్త్రీ చేసిన దుప్పటిలాగే ఉంటుంది. ఆవిడ ఈదేది ముక్కు అని పిలిచే రాతికొస చుట్టూ. అక్కడ సముద్రం ఎలా ఉందో తెలియాలంటే, ఆ కొస దాటి బయటి ఒడ్డుకి రావాలి, లేదంటే అక్కడున్నవాళ్ళని అడగాలి. అందుకని పెళ్ళైన కొత్తలోనే అత్తాకోడళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున్నే ఫోన్ మోగుతుంది.

"సముద్రం ఎలా ఉందే?"

"మాకు బాగుంది అత్తయ్యా" అంటే అలలు లేచాయి, మీరు కదలకండి అని. "మీకు బాగుంది" అంటే టోపీ పెట్టుకోండి అని. రెండు ముక్కల్లో తేలిపోయే వ్యవహారం. ఇన్నేళ్ళూ అది ఒక్కసారి కూడా తప్పలేదు.

తప్పడానికి బీజం పోయిన నెల అన్నాల దగ్గర పడింది. కోడలు ఏదో చెబుతూ "మా షెడ్డు, మా ఒడ్డు, మా ఇల్లు" అని వరసపెట్టి అంటోంది. అత్తగారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఏమే, పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. అన్నీ మా, మా. మన అని నీ నోటివెంట ఒక్కనాడు రాదేం? నాతోనే మాట్లాడుతూ మా ఇల్లంటావేంటి? ఆ ఇంట్లో నేను లేనా?"

కొడుకు మంచినీళ్ళ గ్లాసులో తల దూర్చాడు. కోడలికి నవ్వొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. నిజమే కదా అనిపించింది. ఆ రోజు నించి నాలిక మీద కాపలా పెట్టుకుంది. మన ఇల్లు, మన ఓడ, మన లాండ్రీ. మొదట్లో కొత్త చెప్పుల్లా కరిచినా, పోగా పోగా అలవాటైంది. అత్తగారు కూడా ఆ మాట వినపడినప్పుడల్లా పైకేమీ అనకుండా లోపల మురిసిపోయేది.

ఆ పొద్దున కోడలు ముక్కుకి గుడ్డ కట్టుకుని, బల్లమీద బోర్డు బోర్లా పడుకోబెట్టి ఉప్పుకాగితంతో తోకభాగం రుద్దుతోంది. తెల్లటి పొడి కనురెప్పల మీదకి కూడా ఎక్కింది. దెబ్బ తగిలినచోట గాజుపీచు గుడ్డ పరిచి, దానిమీద రెజిన్ పోసి, ఆరడానికి వదిలేసింది. రెజిన్ అంటే తేనెలా ఉండే జిగురు. ఎండ తగిలితే రాయైపోతుంది, తగలకపోతే బంకలా ఉండిపోతుంది. ఆ పూట ఎండ ఇంకా షెడ్డులోకి రాలేదు.

తలుపులోంచి చూస్తే బయటి ఒడ్డు కళకళలాడుతోంది. రాత్రికి రాత్రి అలలు వచ్చేశాయి. నేలమీంచి వీచే గాలికి నీళ్ళ ఒళ్ళంతా నున్నగా, ఒక్క ముడత లేకుండా ఉంది. ఆ నునుపు కిందే అసలు కథ ఉంటుంది. చాలాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత దూరాన ఒక గీత మందమవుతుంది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. ఇంటికప్పు ఎత్తున లేచి, ఒక వరస మొత్తం వచ్చి కూలిపోతుంది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది. ఆకులు రాలే కాలపు సముద్రం అంతే.

ఫోన్ మోగింది. చేతులకి బంక. మోచేత్తో మీట నొక్కింది.

"సముద్రం ఎలా ఉందే?"

"మనకి బాగుంది అత్తయ్యా! అదిరిపోయింది!" గుడ్డ వెనకనించి అరిచింది.

"మనకా?" అంది అత్తగారు, గొంతులో నవ్వుతో.

"మనకే, మనకే."

"సరే తల్లీ. టీ పెట్టి ఉంచు."

ఫోన్ పెట్టేశాక కోడలికి కూడా మనసు తేలికగా ఉంది. ఎంత చిన్న మాటకి ఎంత సంతోషపడుతుందో ముసల్ది అనుకుంది. టీ ఎందుకు పెట్టమందో మాత్రం ఆలోచించలేదు. లాండ్రీ బట్టలివ్వడానికి ఇటు వస్తుందేమోలే అనుకుని ఇంకో బోర్డు రుద్దడానికి ఉప్పుకాగితం అందుకుంది.

టీ నీళ్ళు మరిగి, చల్లారాయి కూడా. అప్పుడొచ్చాడు బోర్డుపార్టీ కుర్రాడు, పొడుగోడు. గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి రావడం అతనికి పుట్టినప్పట్నించీ అలవాటు. ఒక చేతికింద బోర్డు రెండు ముక్కలుగా ఉంది. రెండో చెయ్యి భుజం దగ్గరనించి వేలాడుతోంది.

"అక్కా, ఆస్పత్రి తెరిచే ఉందా? ఇదిగో శవం."

"పోస్టుమార్టం అయితే చేస్తాను గానీ ప్రాణం పొయ్యలేను. ఆ భుజానికేమైంది?"

"అల నా మీద పడిందో నేను దాని మీద పడ్డానో తెలీదు. చెయ్యి పైకి లేవట్లేదు." అతను కూలబడ్డాడు. "ఏమైనా మీ అత్తగారికి దణ్ణం పెట్టాలక్కా. నాకే కాళ్ళు వణికాయి, ఆవిడ ఇంత సముద్రంలో ముక్కు చుట్టి వచ్చేస్తోంది."

కోడలు నవ్వింది. "మా అత్తయ్యా? పొద్దున్నే తాగావా ఏంటి?"

"ఎర్రటోపీ ఆవిడదేగా? పక్కన ఇంకో పసుపు టోపీ. ఆవిడతో రోజూ ఈదే టైలరమ్మ అనుకుంటా. వెనకాల తేలడానికి నారింజరంగు బుడగలు కట్టుకుని... ముక్కుకి ఇవతలే ఉన్నారు."

"కాదులే. నేను చెప్పాను కదా, ఇవాళ..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. పొద్దున తను అన్నది తన చెవుల్లో తనకే వినపడింది, ఎవరో వేరే మనిషి అన్నట్టు. మనకి. తన లెక్కలో మన అంటే ఈ షెడ్డు, ఈ ఒడ్డు, ఈ బోర్డులూను. ఆవిడ లెక్కలో మన అంటే నువ్వూ నేనూ. మీకూ మాకూ, ఇద్దరికీ. ఇద్దరికీ బాగున్న సముద్రం ఒకటుంటుందని ఆ పిచ్చితల్లి నమ్మేసింది. టీ తాగడానికి ఈదుకుంటూ బయల్దేరింది.

చేతిలో ఉప్పుకాగితం విసిరేసి లేచింది.

"రేవుకి ఫోన్ చెయ్యి" అంది. "పడవ సరంగుని లేపు. ముక్కు చుట్టి రమ్మను."

"చేస్తా. కానీ అక్కా, పడవ అటుపక్కనించి రావాలి. టైం పడుతుంది."

"నాకు తెలీదా!" అని కసిరింది. కసిరినందుకు కాదు, ఆ మాట నిజమైనందుకు ఏడుపొచ్చింది.

షెడ్డులో ఉన్నవన్నీ రోగులే. ఒకదానికి ముక్కు లేదు, ఒకదానికి వెన్ను విరిగింది. నిలువునా ఉన్నది ఒక్కటే, బల్లమీదున్నది. తోక మీద వేలు పెట్టి చూసింది. వేలు అంటుకుంది. సగం ఆరిన బంక. దాన్నే చంకన పెట్టుకుంది.

"నువ్వా?" అన్నాడు పొడుగోడు. "అక్కా, నువ్వు మానేశావు కదా."

మానేసింది. కొన్నేళ్ళ కిందట ఇలాంటి కాలంలోనే ఒక అల తనని కిందకి తొక్కి, ఏది పైనో ఏది కిందో తెలీకుండా తిప్పి తిప్పి వదిలింది. ఇసక నోట్లోకీ ముక్కులోకీ వెళ్ళింది. బయటికొచ్చాక వాంతి చేసుకుని, ఇంటికెళ్ళి, ఇంకెప్పుడూ మోకాళ్ళ లోతు దాటలేదు. బోర్డులు బాగుచేయడం అప్పుడే మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే నడుంనొప్పి అనేది.

ఇప్పుడు నడుంనొప్పి సంగతి ఎవరూ అడగలేదు.

ఒడ్డున నిలబడితే ఏమీ కనపడలేదు. నీళ్ళు నున్నగా, అమాయకంగా ఉన్నాయి. అవతల ముక్కు నల్లగా, తడిగా. దూరాన ఒక ఎర్రచుక్క. ఉంది. లేదు. మళ్ళీ ఉంది. పక్కన పసుపుచుక్క. అవి ఒడ్డువైపు వస్తున్నాయి. సరిగ్గా అలలు కూలేచోటికి. ఇటునించి చూసేవాళ్ళకి కూలే అల కనిపిస్తుంది, అటునించి వచ్చేవాళ్ళకి ఇసకా, షెడ్డూ, టీ కనిపిస్తాయి. వెనక్కి తిరిగి చూడకపోతే ఇంకేమీ కనపడదు.

"ఆగండి!" అని అరిచింది. గాలి ఆ మాటని ఎక్కడికి తీసుకెళ్ళిందో.

రాళ్ళ పక్కన నీళ్ళు సముద్రంలోకి లాగే దారి ఒకటుంది. ఈతవాళ్ళు దాన్ని చూస్తే హడలిపోతారు, బోర్డువాళ్ళకి మాత్రం అది మెట్లదారి. బోర్డుకీ చీలమండకీ కలిపే కాలితాడు బిగించుకుని అందులో పడింది. నీళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనమే ఎక్కువ భయపెట్టింది, ఎవరో నోరు తెరిచి ఊదుతున్నట్టు. గడ్డం బోర్డుకి ఆనించి రెండు చేతులతో తెడ్డు వేస్తోంది. పక్కన రాళ్ళు గబగబా వెనక్కి పోతున్నాయి. లోపలనించి ఒకటే మాట కొట్టుకుంటోంది. తిరిగిపో, తిరిగిపో, తిరిగిపో.

అప్పుడు గీత మందమైంది.

మొదటి అల ముఖం ఆమె మీదకి వంగుతుంటే దాని లోపల ఎండ ఆకుపచ్చగా వెలిగింది. బోర్డు ముక్కు కిందకి తొక్కి, కళ్ళు మూసుకుని, దాని కిందనించి దూరింది. చెవుల్లో ఇల్లు కూలిన చప్పుడు. పైకొచ్చి సగం ఊపిరి తీసుకుందో లేదో రెండోది. ఈసారి బోర్డు చేతుల్లోంచి ఊడింది. అదే చీకటి, అదే తిరగడం. పైన ఏదో, కింద ఏదో. చీమిడీ ఉప్పునీళ్ళూ కలిసి గొంతులోకి. చచ్చిపోయాను అనుకుంది, అనుకుంటూనే కాలితాడు పైకి గుంజింది. ఆ గుంజుడు వెంబడే పైకొచ్చింది. మూడోది ఆమె వెనక, ఒడ్డువైపు కూలింది. దాటేసింది.

దాటాక నీళ్ళు మళ్ళీ పడుకున్నాయి. చుట్టూ చూసింది. ఎర్రటోపీ లేదు.

ఏడుపు కూడా రాలేదు. చేతులు వాటంతట అవే తెడ్డు వేస్తున్నాయి. ఆయనకి ఏమని చెప్పాలి, ఆ లాండ్రీ తలుపు ఎవరు తెరుస్తారు, ఉతికి పెట్టిన జనం బట్టలన్నీ... ఎందుకో ఆ బట్టలే గుర్తొచ్చాయి, దొంతరలుగా, చీటీలు గుచ్చి.

"ఏమే!"

వెనకనించి. ముక్కు నీడలో, నురగ మధ్య, నారింజ బుడగని కావలించుకుని ఎర్రటోపీ. దాని పక్కన పసుపుటోపీ, మొహం సున్నం కొట్టినట్టు.

"మనకి బాగుందన్నావు కదే!" అంది అత్తగారు. అరుపు కాదు. పసిపిల్ల అడిగినట్టు అడిగింది.

"మనకి అంటే మాకు అత్తయ్యా!"

"మాకైతే మాకని చెప్పాలి కదే!"

"మీరే కదా అనొద్దన్నారు!"

సముద్రం మధ్య ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. టైలరమ్మ పిచ్చిదానిలా నవ్వింది, నవ్వు మధ్యలో దగ్గొచ్చి మునిగింది. కోడలు ఆమె జబ్బ పట్టి లాగి బోర్డుమీద పడుకోబెట్టింది. కాలి పిక్క పట్టేసిందట, వేళ్ళు వంకర తిరిగిపోయాయి.

"వదినా, నన్ను ఒడ్డుకి తీసుకుపో" అంటోంది టైలరమ్మ, అత్తగారితో. "ఇసక కనిపిస్తోంది. అదిగో, ఎంతసేపు!"

నిజమే, కనిపిస్తోంది. మధ్యలో ఒక్క ముడత లేదు. అత్తగారు కూడా అటే చూస్తోంది. పెదాలు నల్లబడ్డాయి.

"వెళ్దాం పద" అంది. "ఇప్పుడు తగ్గింది."

"తగ్గలేదు అత్తయ్యా. ఊపిరి తీసుకుంటోంది. ఇక్కడే ఉండాలి, లోతులో. పడవ వస్తుంది. మనల్ని చంపేది ఈ లోతు కాదు, ఆ ఒడ్డే."

అత్తగారు ఆమె వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. కోపమైనా బాగుండేది.

"నీ మాట నమ్మే కదే ఇక్కడిదాకా వచ్చాం."

కోడలు అలల గురించి తనకి తెలిసినదంతా చెప్పొచ్చు. కానీ వినడానికి ఆవిడ దగ్గర మిగిలిన నమ్మకం ఎంత? అత్తగారు అప్పటికే బుడగ వదిలి ఒడ్డువైపు చెయ్యి వేసింది. ఒక బార. రెండో బార.

"సరే వెళ్ళండి" అంది కోడలు. "మీరు వెళ్తే ఈవిడని తోసుకుంటూ నేనూ వస్తాను. మీరు లేకుండా ఆ ఇంటికి నేను పోను. ముగ్గురం పోదాం. పదండి."

అత్తగారి చెయ్యి నీళ్ళలోనే ఆగింది. వెనక్కి చూసింది. కోడలి మొహం మీద ఇంకా అక్కడక్కడా బంకకి అంటుకున్న తెల్లపొడి, ముక్కులోంచి నీళ్ళు, ఒళ్ళంతా వణుకు. ఆ వణుకు చూసిందేమో, ఇంకేం చూసిందో. తిరిగొచ్చి బోర్డు అంచు పట్టుకుంది.

అంతలో వాళ్ళ ముగ్గుర్నీ ఏదో కిందనించి ఎత్తింది. నిదానంగా, ఉయ్యాల ఎత్తినట్టు. ఎత్తి, దింపి, ముందుకి పోయింది. దాని వీపు కనిపించింది, విశాలంగా, మెరుస్తూ. వీపు వెనక ఒడ్డు లేదు, షెడ్డు లేదు. ఆ తర్వాత చప్పుడు. గాల్లోకి లేచిన నురగ వెనక్కి వచ్చి వానలా మీద పడింది. ఒడ్డుకి బయల్దేరి ఉంటే ఈపాటికి వాళ్ళుండే చోటు అదే. ఇంకోటి ఎత్తింది. ఇంకోటి. ప్రతిసారీ అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, బోర్డు మీదనించి చెయ్యి జరిపి కోడలి మణికట్టు పట్టుకునేది. గోళ్ళు దిగాయి. కోడలు లాక్కోలేదు. ఆమెకి కూడా ఏదో ఒకటి పట్టుకునే ఉండాలనిపించింది.

పడవ వచ్చేసరికి ఎవరికీ వేళ్ళు మొద్దుబారి విప్పడానికి రాలేదు. సరంగు, అతని మనిషి కలిసి ముందు టైలరమ్మని లాగారు. ఆమె వచ్చింది గానీ ఆమెతోపాటు బోర్డు కూడా లేచి వచ్చింది. ఈతబట్ట తోకమీది బంకకి అతుక్కుపోయింది.

"చించకండి నాయనా, చించకండి" అంది టైలరమ్మ, పళ్ళు కొట్టుకుంటూనే. "నేనే కుట్టుకున్నాను. కత్తెరుంటే ఇవ్వండి, కుట్టు వెంబడే విప్పుతాను."

దుప్పట్లు కప్పారు. ఇంజను మోగింది. పడవ ముక్కుకి దూరంగా, లోపలి రేవు వైపు తిరిగింది. సరంగుకి ఇప్పుడు తీరిక దొరికింది, దాంతోపాటు కోపమూ వచ్చింది.

"వయసొచ్చిన మనుషులు, బుద్ధుండక్కర్లా? ఇవాళ సముద్రం బాగుందని మీకు చెప్పిన మహానుభావుడెవరు?"

కోడలు తలెత్తలేదు. పడవ అడుగున అటూ ఇటూ దొర్లుతున్న నీళ్ళని చూస్తోంది. ఇప్పుడు వస్తుంది ఆ మాట. రావాల్సిందే. ఊరంతా తెలుస్తుంది, ఆయనకి తెలుస్తుంది. తనే చెప్పేద్దామని నోరు తెరిచింది.

"మాకెవరూ చెప్పలేదు" అంది అత్తగారు.

"మీ కోడలు బయటి ఒడ్డు మీదే ఉంటుంది కదమ్మా. అడిగి తగలడొచ్చుగా?"

"మాకు తోచింది, మేం వచ్చాం. మా ముగ్గురికీ బుద్ధి లేదు, సరేనా? అది మా ఇంటి గొడవ. నువ్వు ముందు చూసి నడుపు."

దుప్పటి కింద ఆవిడ చెయ్యి ఇంకా ఆ మణికట్టు మీదే ఉంది. అవతల మళ్ళీ ఒక వరస లేచి, ముక్కుకేసి కొట్టుకుంది. సరంగు తిరిగి చూశాడు గానీ ఆ ముగ్గురిలో ఒక్కళ్ళూ అటు చూడలేదు.